అంబాసిడర్ ఎస్‌యూ కార్బొరేటర్ రీబిల్డ్: వేడెక్కితే స్లోలో నిలబడని బండి

బండి అంబాసిడర్ మార్క్ 3. 1489 సీసీ పెట్రోల్ ఇంజను, దానికి ఒకే ఒక్క ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్2 కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకిచ్చేది), ఒకటింబావు అంగుళం గొట్టం. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక ఇంటి షెడ్డులో రెండేళ్లకు పైగా కదలకుండా ఉండి మళ్లీ రోడ్డెక్కింది. యజమాని చెప్పిన ఫిర్యాదు ఇది: "సల్లగా ఉన్నప్పుడు చోక్ లాగితే టక్కున స్టార్టవుతాదండి. ఏడెక్కినాక స్లోలో నిలబడదు. పెట్రోల్ వాసన ఒకటే కొడతాది." స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం. వీటికి తోడు లీటరుకు పది, పదకొండు ఇచ్చే మైలేజీ ఏడుకు పడిపోయింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్క క్షణం గుక్కపట్టి ఆ తర్వాత అందుకుంటుంది. ప్లగ్గులు నల్లగా మసిపట్టాయి.

అంతకుముందే ఒక షెడ్డులో కార్బొరేటర్ విప్పి, పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి బిగించారు. కొద్దిరోజులు బాగానే నడిచి కథ మళ్లీ మొదటికొచ్చింది. మురికి ఈ బండిలో చిన్న సమస్య. అసలు సంగతి త్రాటిల్ స్పిండిల్, అంటే ఇంజనుకి పోయే గాలిని అదుపుచేసే పళ్లెం తిరిగే ఇరుసు, అరగడం. అరిగిన సందులోంచి ఇంజను దొంగగాలి లాగుతోంది. ఆ గాలికి సరిపెట్టడానికి ఎవరో జెట్ (పెట్రోల్ బయటికొచ్చే సన్నటి గొట్టం) నట్టు దించి మిక్స్చర్ రిచ్ చేశారు, అంటే పెట్రోల్ పాలు పెంచారు. స్లోలో ఆ లెక్క కొంత సరిపోయింది, మిగతా అన్ని వేగాల్లోనూ పెట్రోల్ వృథాగా తగలబడింది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఎస్‌యూ పనితీరు కాస్త తెలియాలి. పద్మినీలోనూ పాత మారుతి 800లోనూ ఉండే కార్బొరేటర్లలో స్లోకి ఒక జెట్, మెయిన్‌కి ఒక జెట్ వేరువేరుగా ఉంటాయి. స్లో మిక్స్చర్‌కి విడిగా స్క్రూ ఉంటుంది. ఎస్‌యూలో ఉన్నది ఒకటే జెట్, దానిలో దిగే ఒకటే సూది. ఇంజను గాలి లాగేకొద్దీ పైనున్న సక్షన్ చాంబర్‌లో పిస్టన్ లేస్తుంది, దాంతోపాటు సన్నబడుతూ వచ్చే సూదీ లేస్తుంది, జెట్ చుట్టూ సందు పెరుగుతుంది. కాబట్టి జెట్ కిందనున్న నట్టు తిప్పితే స్లో నుంచి టాప్ దాకా మొత్తం మిక్స్చర్ మారుతుంది. మారుతీలు చేసి చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ స్లో స్క్రూ కోసం వెతుకుతారు. కనిపించే స్క్రూ త్రాటిల్‌ని ఆపేది మాత్రమే, మిక్స్చర్‌తో దానికి పనిలేదు. చివరికి నట్టు మీద పడతారు. నా అంచనాలో ఎస్‌యూ బళ్లు పాడయ్యేది చాలావరకు ఇక్కడే.

విప్పకముందు చూసినవి

కార్బొరేటర్ ముట్టుకునే ముందు కరెంటు వైపు తేల్చుకోవాలి. డెల్కోలో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. చుట్టూ పెట్టాం, కండెన్సర్ మార్చాం. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగానే ఉంది. పంపు ప్రెషర్ గేజ్‌లో 2 పీఎస్‌ఐ చుట్టూ చూపించింది. ఎస్‌యూ ఫ్లోట్ వాల్వు 3 పీఎస్‌ఐ దాటితే ఆపలేదు. పాత మెకానికల్ పంపు తీసేసి బజార్లో దొరికే ఎలక్ట్రిక్ పంపు తగిలించిన బళ్లలో ఓవర్‌ఫ్లోకి చాలాసార్లు అదే కారణం. ఈ బండిలో పంపు తప్పులేదు.

తర్వాత దొంగగాలి పరీక్ష. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజను శబ్దం మారుతుందేమో చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. కానీ ఈ ఇంజనులో సైలెన్సర్ మానిఫోల్డ్ సరిగ్గా కార్బొరేటర్ కిందే ఉంటుంది, వేడి మానిఫోల్డ్ మీద స్ప్రే పడితే అంటుకుంటుంది. దానికి బదులు గ్రీజు చాలు. ఇంజను స్లోలో తిరుగుతుండగా స్పిండిల్ రెండు చివర్లా వేలితో దట్టంగా గ్రీజు పూయాలి. పూసిన కాసేపు స్లో కుదురుకుని, గ్రీజు లోపలికి లాగేసుకున్నాక మళ్లీ చెడితే స్పిండిల్ అరిగిందనే. ఈ బండిలో అదే జరిగింది. త్రాటిల్ లివర్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట చేతికే తెలుస్తోంది, డయల్ గేజ్ పెడితే 0.3 మి.మీ. చూపించింది.

పిస్టన్ లేపే పిన్ను పరీక్ష (ఎలాగో కింద ట్యూనింగ్ దగ్గర చెప్పాను) కూడా విప్పకముందే చేశాం. స్లోలో మిక్స్చర్ దాదాపు సరిగ్గానే ఉన్నట్టు చూపించింది. కానీ సగం త్రాటిల్ మీద సైలెన్సర్ నుంచి నల్లపొగ. స్లోలో సరిగ్గా, పైన రిచ్‌గా ఉందంటే నేను ముందు అనుమానించేది దొంగగాలినే. స్పిండిల్ పక్కనుంచి వచ్చే గాలి ఎప్పుడూ ఇంచుమించు అంతే. స్లోలో ఇంజను లాగే గాలే తక్కువ కాబట్టి అందులో అది పెద్ద వాటా, త్రాటిల్ తెరిచాక లెక్కలోకి రాదు.

విప్పడం, లోపల కనిపించినవి

ఎయిర్ క్లీనర్, చోక్ తీగ, యాక్సిలరేటర్ లింకు, పెట్రోల్ పైపు, డెల్కోకి వెళ్లే వాక్యూమ్ పైపు తీసి, ఫ్లాంజ్ నట్లు రెండూ విప్పితే కార్బొరేటర్ చేతికొస్తుంది. మానిఫోల్డ్‌కీ దానికీ మధ్య మందపాటి ఫైబర్ దిమ్మ ఉంటుంది, దానికి రెండువైపులా ప్యాకింగు. ఆ దిమ్మ వేడిని ఆపడానికి. పగిలిందనో దొరకలేదనో దాన్ని పారేసి, ఒక్క ప్యాకింగుతో బిగిస్తే మే నెల ఎండలో ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరుగుతుంది.

సక్షన్ చాంబర్ విప్పే ముందు బాడీకీ దానికీ కలిపి సన్నగా గీత గీసుకోవాలి. అదే దిశలో తిరిగి కూర్చోకపోతే పిస్టన్ పట్టుకోవచ్చు. పైన డ్యాంపర్ విప్పితే లోపల ఆయిల్ చుక్క లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే గుక్కపట్టడానికి ఇదే కారణం. డ్యాంపర్‌లో ఆయిల్ ఉంటే పిస్టన్ ఒక్కసారిగా ఎగరదు, ఆ క్షణంలో మిక్స్చర్ కాస్త చిక్కబడి ఇంజను అందుకుంటుంది. ఆయిల్ లేకపోతే పిస్టన్ ఎగిరి గాలి ఎక్కువైపోతుంది. ఇంత చిన్న సంగతికి కార్బొరేటరే మార్చేసినవాళ్లున్నారు.

ఫ్లోట్ చాంబర్ అడుగున గోధుమరంగు జిగురు, దాని మీద తెల్లటి పొడి. జిగురు పాత పెట్రోల్ ఆవిరై మిగిలింది. తెల్లపొడి నీరు అల్యూమినియంని తినగా మిగిలింది. మన తీరప్రాంతపు తేమకి, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఇది మామూలే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఫ్లోట్ చాంబర్ కంటే ముందు ఇది టాంకులో జరుగుతుంది.

ఫ్లోట్ వాల్వు సూది మొన మీద గుండ్రంగా గాడి పడింది. ఓవర్‌ఫ్లో, పెట్రోల్ వాసన అక్కణ్నుంచే. వేడెక్కాక స్లో చచ్చిపోవడంలోనూ దీనికి భాగముంది. లెవెల్ పెరిగి పెట్రోల్ జెట్‌లోంచి దానంతటదే పొంగుతుంది. జెట్ సూదిని భూతద్దం కింద తిప్పి చూస్తే ఒకవైపే మెరుస్తోంది. అంటే ఆ సూది చాలాకాలంగా జెట్ గోడకి రాసుకుంటూ తిరిగింది, జెట్ రంధ్రం కోలగా సాగింది. సూది ఒక్కటే మార్చి పాత జెట్ ఉంచితే డబ్బు దండగ, రెండూ కలిపే మార్చాలి. కొత్త సూది కొనేటప్పుడు పాతదాని కాడ మీద చెక్కిన అక్షరాలు చూసి అదే కోడ్ తీసుకోవాలి. "అంబాసిడర్ సూది" అని అడిగితే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు.

కడగడం

కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆపైన కార్బ్ క్లీనర్ కొట్టి, తక్కువ ప్రెషర్‌తో గాలి ఊదితే చాలు. రబ్బరు, నైలాన్ ముక్కలు ముందే తీసి పక్కన పెట్టాలి. కాస్టిక్ సోడాలో మరిగించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. కాస్టిక్ అల్యూమినియంని తినేస్తుంది, బాడీ తెల్లగా మెరుస్తుంది గానీ కొలతలు పోతాయి. బాత్‌రూమ్ యాసిడ్ సంగతి చెప్పనక్కర్లేదు. రంధ్రాల్లో ఇనుప తీగ గుచ్చకూడదు, గాలానికి వాడే నైలాన్ తీగ సరిపోతుంది.

సక్షన్ చాంబర్ లోపలా పిస్టన్ అంచునా ఎమెరీ పేపర్ అస్సలు తగలనివ్వకూడదు. ఆ రెంటి మధ్య సందు వెంట్రుకంత, అవి ఒకదానికొకటి తాకకుండా నడవాలి. శుభ్రం చేశాక సందు సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. పిస్టన్ అడుగు రంధ్రాలు పిల్లలు ఆడుకునే క్లేతో మూసి, స్ప్రింగ్ లేకుండా పిస్టన్‌ని చాంబర్‌లో పూర్తిగా దూర్చి, డ్యాంపర్ బిగించాలి. తర్వాత పిస్టన్‌ని చేత్తో పట్టుకుని చాంబర్‌ని దాని బరువుకే కిందికి జారనివ్వాలి. ఈ సైజుకి 3 నుంచి 5 సెకన్లు పట్టాలి. తొందరగా జారితే అరిగినట్టు, మధ్యలో ఆగితే మురికో సొట్టో ఉన్నట్టు. ఇక్కడ 4 సెకన్లు పట్టింది కాబట్టి ఈ జత పాతదే ఉంచాం. పిస్టన్ అంచుకి ఆయిల్ రాయకూడదు, దుమ్ము అంటుకుంటుంది. మధ్య కడ్డీకి మాత్రం ఒక్క చుక్క.

స్పిండిల్, బుష్‌లు

ముందు కొత్త స్పిండిల్ ఒక్కటే తొడిగి చూడాలి. చాలా బళ్లలో స్పిండిలే ఎక్కువ అరుగుతుంది, అదృష్టం బాగుంటే పని అక్కడితో అయిపోతుంది. ఇక్కడ కొత్తది తొడిగినా ఆట 0.15 మి.మీ. మిగిలింది. అంటే బాడీ రంధ్రాలు కూడా కోలగా అయ్యాయి. గన్‌మెటల్ బుష్‌లు వేయక తప్పలేదు.

లేత్ పనికి బాడీ ఇచ్చేటప్పుడు రెండు సంగతులు తప్పకుండా చెప్పాలి. ఒకటి, రెండు రంధ్రాలూ ఒకే సెట్టింగులో, ఒకే వరసలో కోయాలి. ఒకవైపు కోసి, తిప్పి బిగించి రెండోవైపు కోస్తే వరస తప్పి స్పిండిల్ పట్టేస్తుంది. రెండు, బుష్ లోపలి అంచు గొట్టంలోకి పొడుచుకు రాకూడదు, వస్తే త్రాటిల్ పళ్లెం మూసుకోదు. బుష్‌లని బేరింగ్ లాకింగ్ ద్రావకంతో అంటించి, ఆరాక రెంటినీ కలిపి ఒకే రీమరుతో సైజు చేయించాం. స్పిండిల్ వేలితో స్వేచ్ఛగా తిరగాలి గానీ పైకీ కిందికీ ఊగకూడదు, సందు 0.02 నుంచి 0.05 మి.మీ. లోపే.

త్రాటిల్ పళ్లెం అంచులు ఏటవాలుగా ఉంటాయి, తిరగేసి బిగిస్తే మూసుకోదు. విప్పకముందే గుర్తు పెట్టుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు స్క్రూలు వదులుగా ఉంచి, పళ్లెం నాలుగైదుసార్లు టపటప మూస్తే అదే మధ్యకి సర్దుకుంటుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే చుట్టూ సన్నటి వెలుగు ఒకేలా కనిపించాలి. అప్పుడు బిగించి, స్క్రూల చీలిక మొనల్ని విడదీయాలి. ఈ స్క్రూలు ఎప్పుడూ కొత్తవే వాడాలి. పాతవి ఒకసారి వంగినవి, రెండోసారి విడదీస్తే విరుగుతాయి. విరిగిన ముక్క పోయేది నేరుగా సిలిండర్‌లోకి.

జెట్ మధ్యకి తేవడం

చాలా షెడ్లలో ఎగ్గొట్టే పని ఇది. సూదిని పిస్టన్‌లో దూర్చి, సూది భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండేలా పక్క స్క్రూ బిగించాలి. పిస్టన్, స్ప్రింగ్, సక్షన్ చాంబర్ ఎక్కించాలి. స్ప్రింగ్‌ని ఎన్నడూ సాగదీయకూడదు. కింద జెట్ బేరింగ్, వాషర్, లాక్ నట్టు వదులుగా పెట్టి, సర్దుబాటు నట్టుని దాని స్ప్రింగ్ లేకుండా పూర్తిగా పైకి ఎక్కించి, జెట్‌ని దానికి ఆనించి పట్టుకోవాలి. డ్యాంపర్ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ని మెత్తగా కిందికి నొక్కి ఉంచితే సూది తనకు కావలసిన చోటికి జెట్‌ని జరుపుకుంటుంది. అలా నొక్కి ఉంచే లాక్ నట్టు బిగించాలి.

ఇప్పుడు పిస్టన్‌ని 8 మి.మీ. లేపి వదలాలి. అడుగుకి తగిలి 'టక్' మని గట్టిగా, స్పష్టంగా వినిపించాలి. జెట్‌ని పూర్తిగా కిందికి లాగి, పిస్టన్‌ని మళ్లీ లేపి వదలాలి. రెండుసార్లూ ఒకే శబ్దం వస్తే జెట్ మధ్యలో ఉంది. జెట్ కిందున్నప్పుడే గట్టిగా, పైనున్నప్పుడు మెత్తగా వస్తే సూది రాసుకుంటోంది, లాక్ నట్టు వదులు చేసి మళ్లీ మొదటినుంచి చేయాలి. విసుగు తెప్పించే పనే. కుదిరాక సర్దుబాటు నట్టు విప్పి, స్ప్రింగ్ పెట్టి, జెట్ పైభాగం అడుగుతో సమమయ్యేదాకా ఎక్కించి, అక్కణ్నుంచి రెండు చుట్లు, అంటే నట్టు పలకల లెక్కన 12 పలకలు దించాలి. మొదటి స్టార్టుకి అది చాలు.

జెట్ నుంచి ఫ్లోట్ చాంబర్‌కి పోయే నైలాన్ గొట్టం చివర రబ్బరు గ్లాండు దాటి కనీసం 5 మి.మీ. బయటికి ఉండాలి. తక్కువైతే నట్టు బిగించాక కారుతుంది. ఆ రబ్బరు కొత్తది, ఇథనాల్ తట్టుకునే విటాన్‌ది వేశాం.

ఫ్లోట్ లెవెల్‌కి మూత తిరగేసి, ఫ్లోట్ బరువుకే వాల్వు మూసుకున్నప్పుడు ఫ్లోట్‌కీ మూత అంచుకీ మధ్య 3.2 నుంచి 4.8 మి.మీ. ఉండాలి. 4 మి.మీ. డ్రిల్ బిట్ దూర్చి చూస్తే సరిపోతుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి, లోపల పెట్రోల్ కదిలిన చప్పుడొస్తే పారేయాలి.

పార్టుల సంగతికొస్తే, హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపారా ప్లాంటు 2014 మేలో ఆగిపోయాక స్థానికంగా మంచి సామాను తగ్గింది. కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవచ్చు. ఇంగ్లండ్‌లో బర్లెన్ సంస్థ ఎస్‌యూ పేరు మీదే ఇప్పటికీ విడిభాగాలు చేస్తోంది. జెట్, సూది, ఫ్లోట్ వాల్వు ఈ మూడింటి దగ్గర చవకకి పోవద్దు. లోకల్ కిట్లలో ప్యాకింగుల రంధ్రాలు కలవవు, వాల్వు సూది మొన వంకరగా ఉంటుంది. ప్యాకింగులు మాత్రం కాగితం కొనుక్కుని మనమే కోసుకోవచ్చు.

టాంకు, పైపులు

కార్బొరేటర్ కొత్తదైనా టాంకులో పాత సరుకే ఉంటే వారంలో మళ్లీ ఇదే పని. టాంకు అడుగు ప్లగ్ విప్పి పాత పెట్రోల్ మొత్తం దించాం, అడుగున నీళ్లు విడిగా కనిపించాయి. పంపు డయాఫ్రం మార్చాం. రబ్బరు పైపులన్నీ ఎస్‌ఏఈ జె30 ఆర్9 (ఇంధన పైపుల ప్రమాణం) రకానివి వేశాం. పాత నల్ల రబ్బరు ఇ20 (ఇథనాల్ 20 శాతం కలిసిన) పెట్రోల్‌కి లోపలినుంచి మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది, ఆ ముక్కలు ఫ్లోట్ వాల్వులో ఇరుక్కుంటాయి. పారదర్శకమైన ఫిల్టరు పంపుకీ కార్బొరేటర్‌కీ మధ్య, సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా పెట్టాలి.

ట్యూనింగ్

డ్యాంపర్‌లో ఎస్‌ఏఈ 20 ఆయిల్, లోపలి కడ్డీ పైఅంచు దాటి 13 మి.మీ. వరకు. డ్యాంపర్ మూతకి గాలి రంధ్రం ఉన్న రకానికి ఈ లెక్క, రంధ్రం లేని రకానికి 13 మి.మీ. కిందికి. ఇంజను పూర్తిగా వేడెక్కి, చోక్ లోపలికి పోయి, చోక్ తీగకి 1.5 మి.మీ. వదులు ఉందని చూసుకున్నాకే నట్టు ముట్టుకోవాలి.

స్లో 700 ఆర్‌పీఎం చుట్టూ పెట్టి, పిస్టన్ పిన్నుని 0.8 మి.మీ. మాత్రమే, అంటే పిస్టన్ కదిలీ కదలనట్టు లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్, నట్టు పైకి. వెంటనే చతికిలబడితే లీన్ (పెట్రోల్ తక్కువ), నట్టు కిందికి. క్షణం పెరిగి మళ్లీ మామూలైతే సరి. ఒక్కసారికి ఒక్క పలక, ప్రతిసారీ కాస్త రేజ్ చేసి కుదురుకోనివ్వాలి.

పాత పుస్తకాల లెక్క ఇథనాల్ లేని పెట్రోల్‌కి. పెట్రోల్‌కి గాలి నిష్పత్తి 14.7 అయితే ఇథనాల్‌కి 9 మాత్రమే. ఇ20కి అది 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అంతే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ బండికి 12 పలకల దగ్గర లీన్ వచ్చి, 14 దగ్గర కుదిరింది. అదే మొదట వచ్చినప్పుడు నట్టు 21 పలకలు కిందికి ఉంది.

తర్వాత గజపతినగరం రోడ్డు మీద ఖాళీ చోట 60 వేగంలో కొంతదూరం నడిపి, క్లచ్ తొక్కి ఇంజను ఆపి, పక్కకి తీసి ప్లగ్గులు విప్పి చూశాం. నాలుగూ లేత గోధుమరంగు. తెల్లగా సుద్దలా ఉంటే ఇంకో పలక దించాల్సి వచ్చేది. సాలూరు ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు పోయేవాళ్లు ఎత్తుమీద కాస్త రిచ్ అనిపించినా నట్టు కదపొద్దు, కిందికి దిగాక లీన్ అయిపోతుంది.

పని అయ్యాక వేడి మీద స్లో నిలబడింది, వాసన పోయింది, మైలేజీ లీటరుకు పది దాటింది. 500 కిలోమీటర్లకి ఫ్లాంజ్ నట్లు మరోసారి బిగించాలి, కొత్త ప్యాకింగు అణిగి వదులవుతాయి. డ్యాంపర్ ఆయిల్ నెలకోసారి చూసుకోవాలి. బండి నెల పైబడి నిలబెట్టాల్సి వస్తే టాంకు నుంచి వచ్చే పెట్రోల్ పైపు పంపు దగ్గర విప్పి, ఫ్లోట్ చాంబర్ ఖాళీ అయి ఇంజను దానంతటదే ఆగేదాకా తిప్పి వదిలేయాలి.